స్టాంపు ప్యాడ్ సిరా

గొంతుకు రంధ్రం చేసి గొట్టం వేశాక మా ఆవిడకు మాట పోయింది. గచ్చిబౌలి దవాఖానలో పదకొండో రోజు డాక్టరు రెండో ఆపరేషన్ మాట ఎత్తాడు. చేయించుకుంటుందో లేదో ఆమే చెప్పాలి, నాలుగింటిలోపు తేల్చమన్నాడు. చెప్పడానికి ఆమెకు మిగిలింది రాత ఒక్కటే.

బాల్ పెన్ను నొక్కితేనే పడుతుంది. ఆమె చేతిలో ఆ బలం లేదు. ఫోను ఇస్తే వణికే వేలు ఒక అక్షరానికి బదులు ఇంకో అక్షరాన్ని తాకింది. అందుకని నా సిరా పెన్ను తెచ్చాను. దాన్ని కాగితానికి ఆనిస్తే చాలు.

ఆ పెన్ను కొనిచ్చింది ఆమే. బాలానగర్‌లో లేతు మిషను మీద పనిచేసే నాకు నలభై దాటాక అక్షరాలు నేర్పిందీ ఆమే. దుకాణంలో నాతో ఐదారు పాళీలు రాయించి చూసి, లావుది ఏరింది.

"డ్రిల్లు వేస్తున్నవా? కాగితం ఏం జేసింది నీకు?" అని నేను నొక్కి రాయడం చూసి షాపులోనే తిట్టింది. ఆదివారం ఆదివారం పెన్ను విప్పి కడగమనేది. ఆమె మంచాన పడ్డాక కడగడం మానేశాను.

పెన్నులో సిరా లేదు. ఇంటి నుంచి బుడ్డి తెస్తానని కూతురు బయలుదేరింది. నాకు ఆగబుద్ధి కాలేదు. చుట్టూ అద్దాల మేడలే. మూడు దుకాణాలు తిరిగితే అందరూ జెల్ పెన్నులే చూపించారు. చివరికి ఒక జిరాక్స్ షాపులో ముద్రలకు వాడే సిరా దొరికింది. నీలంగానే ఉంది కదా అని డ్రాపర్‌తో నింపేశాను. ఇంత వెర్రిపని ఎన్నడూ చేయలేదు. సగం గీత గీసి పెన్ను ఆగిపోయింది. విదిలిస్తే దుప్పటి మీద మరకలు పడ్డాయి గానీ పాళీ కదల్లేదు. ఆమె కళ్లు మూసుకుంది. మూడు దాటింది.

సింకు దగ్గర పాళీ లాగి చూస్తే, దానికి సిరా అందించే కింది నాలుక నిండా జిడ్డు. మరిగే నీళ్లు కావాలన్నాను.

"మరిగేవి వద్దండి బాబాయిగారూ, నాలుక వంకర పోద్ది. గోరువెచ్చనివి తెస్తానుండండి. మా నాన్నకీ ఇలాంటిదే ఉండేది," అంది వార్డులోని నర్సు.

కడిగాను. నీలం వస్తూనే ఉంది. మళ్లీ కడిగాను. లోపలికి ఒక్కరినే రానిస్తారు కాబట్టి కూతురు తలుపు దగ్గరే బుడ్డి అందించింది. పెన్ను నింపి ఆమె వేళ్ల మధ్య పెట్టాను.

రాసింది. 'వద్దు. ఇంటికి పోదాం.'

"సమజ్ అయితలేదు," అన్నాను. "నీ గొలుసుకట్టు రాత నాకు రాదు. తర్వాత రాద్దువులే."

అబద్ధం. బయటికి పోయి, సరేనన్నదని చెబుదామనుకున్నాను. ఆమె లేకుండా నేను ఉండలేను. ఇందులో దాచేదేం లేదు.

పలక మీద తప్పు రాసినప్పుడు చూసే చూపు చూసింది. అదే కాగితం మీద మళ్లీ మొదలుపెట్టింది. గుండ్రంగా, విడివిడిగా, మొదటిరోజు నాకు దిద్దబెట్టినంత పెద్దగా రెండే అక్షరాలు: వద్దు. ఆ రెండింటికే ఆయాసం వచ్చింది. తర్వాత పెన్ను నా చేతిలో పెట్టి, దాని కింద ఖాళీ జాగా మీద వేలు ఆనించింది. నేర్పే రోజుల్లో అలా చూపిస్తే, చూసి రాయమని.

రాశాను. నొక్కిన నొక్కుడుకు కాగితం చిరిగింది. ఆమె తిట్టలేకపోయింది.

ఆ చిరిగిన కాగితమే పట్టుకుని డాక్టరు దగ్గరికి పోయాను.