బియ్యం డబ్బాలో ఆరిన కెమెరా

నా పాత డిజిటల్ కెమెరాని కొన్నవాళ్ళు వాడటం చేతకాక పాడుచేసుకున్నారని ఆఫీసులోనూ చుట్టాల్లోనూ చాలామందికి చెప్పాను. అది అబద్ధం.

సెల్‌ఫోన్లలో కెమెరాలు ఇంకా రాని రోజులు. కూచిపూడిలో మా అమ్మాయి నాట్య ప్రదర్శన ఫోటోలు తీసుకుని విజయవాడ తిరిగొస్తూ, కాళ్ళు కడుక్కుందామని కాలువ దగ్గర స్కూటర్ ఆపాను. వంగగానే చొక్కా జేబులోని కెమెరా నీళ్ళలో పడింది. కింది మెట్టు మీద ఆగబట్టి వెంటనే చేతికందింది. ఇంటికొచ్చాక మా ఆవిడ దాన్ని బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టింది. ఐదో రోజున బ్యాటరీ వేస్తే వెలిగింది. లెన్సు బయటికొచ్చేటప్పుడు మాత్రం సన్నగా గీసుకుంటున్న చప్పుడు.

"పనిచేస్తుండగానే వదిలించుకో గురూ. చచ్చాక శవానికెవడూ బేరమాడడు," అన్నాడు ఆఫీసులో పక్క సీటు మిత్రుడు.

ధర చెప్పడానికే భయపడ్డాను. పద్నాలుగు వేలు పెట్టి కొన్నది. నాలుగు వేలంటే ఇంత చవకెందుకని అడుగుతారు. అందుకని ఎనిమిది వేలన్నాను. లోపమున్న వస్తువుకి ఎక్కువ చెప్పాలన్న తెలివి నాకు ఆ భయమే నేర్పింది.

పటమటలో చిన్న ఫోటో స్టూడియో నడుపుకునే ముస్లిం దంపతులు చూడటానికి వచ్చారు. ఆయనకి రీలు కెమెరా ఉంది. ఇది ఆవిడ కోసం. వాళ్ళ పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కూర్చునే వైపుకి మగ ఫోటోగ్రాఫర్ వెళ్ళడు. ఆవిడే వెళ్ళి తీయగలిగితే ఆ పని కూడా వాళ్ళకే వస్తుంది. రీలైతే కడిగిందాకా ఎలా పడిందో తెలియదు, ఇందులో అప్పటికప్పుడు చూసుకోవచ్చు. ఆవిడ నన్నే ఒక ఫోటో తీసి వెనకున్న తెర చూపించింది.

"చూడండన్నా, ఎవరో తరుముతున్నట్టు పడ్డారు!" అని నవ్వింది.

ఆయన అడిగింది ఒక్కటే. "నీళ్ళేమన్నా తగిలినయ్యా సార్? అదొక్కటి చెప్పండి చాలు."

"లేదు భాయ్."

"మీ మాట మీదే తీసుకుంటున్నా," అని ఆరు వేలు చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో ఫోను మోగితే నేను తీసేవాణ్ణి కాదు. మా ఆవిడని తియ్యమని, ఆమె ముఖం చూస్తూ నిలబడేవాణ్ణి. పది రోజులు గడిచాయి. పదిహేను గడిచాయి. గండం తప్పిందనుకుంటుండగా ఆయన ఫోన్ చేశాడు.

ఆవిడ ఒప్పుకున్న మొదటి పెళ్ళి. పెళ్ళికూతురిని ముస్తాబు చేసి ఆడవాళ్ళ మధ్య కూర్చోబెట్టిన సమయానికి లెన్సు బిగుసుకుపోయింది. ఆ వైపు ఒక్క ఫోటో కూడా రాలేదు. పెళ్ళికూతురి తల్లి నలుగురిలో నానా మాటలూ అందట. "రిపేరుకి తీసుకెళ్తున్నాం సార్. ఇంతకుముందు ఎట్లా పనిచేసేదో అడుగుతాడేమో, మీరు కూడా ఓసారి రండి."

వెళ్ళకపోతే అనుమానం. వెళ్తే దొరికిపోతాను. బీసెంట్ రోడ్డు పక్క సందులో ఉన్న ఆ షాపుకి చేరేసరికి చొక్కా తడిసిపోయింది. మెకానిక్ ఒక్కో స్క్రూ తీసి గిన్నెలో వేస్తుంటే ఆ చప్పుడు నా గుండెల్లో వినిపిస్తోంది. నిజం తెలిస్తే ఆవిడ భర్త మా ఆఫీసుకొచ్చి అందరి ముందూ చొక్కా పట్టుకుంటాడు, పోలీసుల దగ్గరికి వెళ్తాడు, మా అమ్మాయికి తెలుస్తుంది. మెకానిక్ లెన్సు సందులోంచి పట్టకారుతో ఏదో తీసి అద్దం మీద పెట్టాడు. నూక. విరిగిన బియ్యపు గింజ.

"వంట చేసుకుంటూ ఫోటోలు తీస్తున్నారా అమ్మా?" అన్నాడు, భర్త పక్కన నిలబడ్డ ఆవిడని చూసి నవ్వుతూ. "లోపలంతా చెమ్మ. పొయ్యి పక్కన పెట్టుంటారు, ఆవిరి పట్టింది."

"వంటింట్లోకే తీసుకెళ్ళలేదండీ. బీరువాలో పెట్టి తాళమేస్తున్నా."

"బీరువాలో వడ్లు పండినయ్యా మరి?" అన్నాడు భర్త.

ఆవిడ నా వైపు తిరిగింది. "అన్నా, మీరన్నా చెప్పండి. మీ ఇంట్లో ఉన్నప్పుడేమన్నా..."

"ఇంక చాలు," అన్నాడాయన. "పెళ్ళిలో పరువు తీసింది చాలక సార్ మీదికి తోస్తావా? రేపట్నించి కెమెరా ముట్టుకోబాక."

నీళ్ళ మాట ఎవరి నోటా రాలేదు. ఆ ఊరటలో నాకు నోరు కూడా లేచింది. "పోనీలెండి భాయ్. ఆడవాళ్ళు, తెలియక జరిగుంటుంది," అన్నాను, ఏదో దయ తలచినట్టు.

ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నేను అబద్ధమాడానని తెలిసే చూసిందని అప్పుడనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. భర్త నమ్మడని కూడా ఆవిడకి తెలుసు.

తర్వాత చాలా ఏళ్ళు పటమట వైపు పనిబడితే చుట్టూ తిరిగి వెళ్ళాను. ధైర్యం కూడగట్టుకుని వెళ్ళేనాటికి స్టూడియో ఉన్నచోట టైలరింగ్ షాపుంది. వాళ్ళెక్కడికి వెళ్ళారో ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఆవిడ మళ్ళీ ఎప్పుడైనా ఏ పెళ్ళిలోనైనా ఫోటోలు తీసిందో లేదో నాకు తెలియదు.

కెమెరాని నీళ్ళలో పడేసింది నేను. ఆ బియ్యం మా ఇంటివి. ఈ మాటలు ఆవిడ భర్త కంటపడాలనే రాస్తున్నాను. పడితే ఏమవుతుందోనని ఇప్పటికీ భయమే.