గొట్టం మైకులో సింహాచలం మాస్టారు

నా బేరాలన్నిటిలోకీ గొప్పది ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను. డెబ్భై మూడులో, నాకింకా పాతికేళ్ళు నిండకముందే, ఒక మనిషి ముప్ఫయ్యేళ్ళ కష్టాన్ని పైసా ఇవ్వకుండా, ఒకే ఒక్క అబద్ధం ఖర్చుపెట్టి ఇంటికి తెచ్చుకున్నాను. చోడవరం బజారులో పుట్టి పెరిగినవాళ్ళెవరూ, మా నాన్నతో సహా, అంత చవగ్గా అంత విలువైన సరుకు సంపాదించి ఉండరు. ఆ సరుకు మర్నాటికల్లా నా చేతుల్లోనే పాడైపోయిందన్నది వేరే సంగతి.

మొన్న మా కొట్టు ముందు నుంచి ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. వ్యాను మీద మనిషెత్తు డీజే పెట్టెలు. పాటేమిటో నాకు అర్థం కాలేదు గాని, దాని అడుగున ఉన్న మోత షట్టరుని పట్టుకుని ఊపింది. కుర్చీలోంచి నడుములోకి, నడుములోంచి పక్కటెముకల్లోకి ఎక్కింది. మా కోడలు చెవులు మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం బల్ల మీద అరచెయ్యి బోర్లించి కూర్చున్నాను. వ్యాను మలుపు తిరిగి మోత ఆగిపోయాక కూడా చాలాసేపు చెయ్యి తియ్యలేదు. పాటని అరచేత్తో వినడం నాకు సింహాచలం మాస్టారు నేర్పిన పని.

మా నాన్నది మెయిన్ రోడ్డులో కిరాణా కొట్టు. నన్ను తక్కెడ దగ్గర కూర్చోబెట్టాలని ఆయన ఆశ. నేను పక్క గది అడిగి పుచ్చుకుని మైకుసెట్టు వ్యాపారం పెట్టాను. రెండు గొట్టాలు, ఒక యాంప్లిఫయరు, బ్యాటరీలు, బరువైన పాత ప్లేయరు ఒకటి. రోలుగుంట నుంచి కె.కోటపాడు దాకా ఎక్కడ పెళ్ళి జరిగినా నా గొట్టాలే వెదురుబొంగు ఎక్కి కూయాలన్నది నా పట్టుదల. ఇవి కాక కొట్లో నా సరదా కోసం ఒక చిన్న ప్లేయరు, చెక్కపెట్టెలో బిగించిన స్పీకరు ఉండేవి. వాటిని ఎవరికీ అద్దెకి ఇచ్చేవాణ్ణి కాదు.

డెబ్భయ్యో సంవత్సరం వానాకాలంలో ఒక మధ్యాహ్నం మాస్టారు మా కొట్టు మెట్లెక్కారు. పొడుగ్గా, సన్నగా, భుజాలు ముందుకి వాలిన మనిషి. యాభై అయిదేళ్ళుంటాయి. కుడిచేతి వేళ్ళ కొసలు కాయలు కాసి, ముడుచుకుపోయి ఉన్నాయి. వెనక రిక్షాలో ఒక చెక్కపెట్టె, దాన్నిండా రికార్డులు. ఆయన మా వెనక వీధిలో ఇడ్లీలు వేసి అమ్ముకునే సన్యాసమ్మకి తమ్ముడు. చిన్నప్పుడే కలకత్తా పారిపోయి, అక్కడేదో హోటల్లో ప్లేట్లు కడుక్కుని బతికాడని ఊరంతా చెప్పుకునేది. ఆయన దగ్గర రికార్డులున్నాయి, వినడానికి మిషను లేదు. నా దగ్గర మిషనుంది, పెళ్ళిళ్ళకి కొత్త రికార్డులు లేవు. నేను బేరం పెట్టాను: రోజూ మధ్యాహ్నం ఒక గంట ఆయన వినడానికి నేను చిన్న ప్లేయరు ఇవ్వాలి, బదులుగా ఆ పెట్టెలోని సినిమా పాటల రికార్డులు నేను వాడుకోవాలి. ఆయన వెంటనే సరేనన్నారు. ఆ వెంటనే అనడం నాకు నచ్చలేదు. ఇంకా ఎక్కువ అడగాల్సిందని వారం రోజులు మథనపడ్డాను.

మొదటిరోజు ఒక హిందీ పాట పెట్టి ఏం వినపడుతోందని అడిగారు. పాడే ఆవిడ, ఫిడేళ్ళు, తబలా అన్నాను. ఇంకా ఏమిటన్నారు. ఇంకేమీ లేదన్నాను. ఆయన నా మణికట్టు పట్టుకుని, అరచేతిని స్పీకరు పెట్టె వెనకభాగానికి ఆనించారు.

“ఇప్పుడు సెప్పు.”

చెక్కలో ఏదో నడుస్తోంది. పడుకున్న ఆవు మెడ మీద చెయ్యి వేస్తే లోపల కదలిక తెలిసినట్టు, పాటకి చాలా కింద, తొందర లేకుండా, ఒకటి తర్వాత ఒకటి.

“అదే నాను,” అన్నారు.

మా నాన్న అవతలి గదిలోంచి తొంగిచూసి, “ఏటిరా, పాట సేత్తో ఇంటన్నావా? రేపు ముక్కుతో సూస్తావేటి?” అని వెళ్ళిపోయాడు. మాస్టారు నవ్వారు. ఆ వానాకాలమంతా చెయ్యి ఆనించి విన్నాను. చలి మొదలయ్యేసరికి చెయ్యి ఆనించకుండానే ఆయన వినపడడం మొదలుపెట్టారు.

ఆయన కథ ముక్కలు ముక్కలుగా తెలిసింది. ప్లేట్లు కడిగిన మాట నిజమే. ఆ హోటల్లో సాయంత్రాలు బాండు వాయించేది. మనిషికన్నా పొడుగైన ఫిడేలు లాంటి వాయిద్యం, డబుల్ బేసు అంటారు, దాన్ని మెట్ల మీదుగా మోసుకెళ్ళే పని ఈయనకి అప్పజెప్పారు. అది వాయించే దొర తాగి పడిపోయిన ఒక రోజున, మోసేవాడే నిలబడి వాయించాడు. ఆ తర్వాత పాతికేళ్ళకి పైగా సాయంత్రాలు హోటలు, పగళ్ళు రికార్డింగు. బెంగాలీ పాటలు, హిందీ పాటలు, భజనలు, సబ్బుల ప్రకటనలు, చివర్లో మద్రాసులో మన సినిమాలు. పిలిచిన చోటికల్లా వెళ్ళి, ముందు పెట్టిన కాగితం చూసి వాయించి వచ్చేసేవారు. తను వాయించిన రికార్డు బజారులోకి వస్తే ఒకటి కొని దాచుకునేవారు. అలా నూట ఎనభై దాకా చేరాయి. కొన్నవాటికన్నా కొననివే ఎక్కువట. చివరికి కీళ్ళు బిగుసుకుపోయి, వాయిద్యం అమ్మేసి అక్క ఇంటికి వచ్చారు.

గానుగల కాలంలో చెరకు బళ్ళు మా కొట్టు ముందు నుంచి ఫ్యాక్టరీకి బారులు తీరి వెళ్ళేవి. ఒకరోజు వాటిని చూస్తూ అన్నారు:

“ఆ ఎడ్లని సూడు. బండి మీద కూకున్నోడు పాడుకుంటాడు, తిడతాడు, నిద్దరోతాడు. ఆటికి అయ్యేటీ పట్టవు. ఆటి నడక తప్పిందంటే మాత్రం బండి గోతిలో ఉంటాది. నా పని అదేరా బాబూ.”

“మరి పేరు బండోడికే వస్తాది గదా మాస్టారూ?”

“ఎడ్ల పేర్లు నీకెన్ని తెలుసేటి?”

నూట ఎనభై అట్టల్లో ఏ ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. లేదు అనేశాను గాని, ఒకటుంది. హోటలు బాండు సొంత ఖర్చుతో వేసుకున్న పెద్ద రికార్డు. మొత్తం కొన్ని వందలే వేశారు. అందులో ఒక పాట మధ్యలో బాకాలూ పియానో అన్నీ ఆగిపోయి, ఆయన ఒక్కరే రెండున్నర నిమిషాలు వాయిస్తారు. అట్ట వెనక, అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఆయన పేరు ఉంటుంది. ఆ రికార్డుని తువ్వాలులో చుట్టి పెట్టుకునేవారు. దాన్ని పెట్టమని నేను అడిగితే, ముల్లు తగిలిన ప్రతిసారీ గాడి కొంచెం అరుగుతుందని, తను కూడా దాన్ని ఏడుసార్లకి మించి వినలేదని చెప్పారు. రెండో సంవత్సరం, నా చెవి ఒక దారికి వచ్చిందని నమ్మకం కలిగాక, ఒక మధ్యాహ్నం తలుపులు దగ్గరగా వేసి, ముల్లు కొత్తది వేయించి, ఒకే ఒక్కసారి వినిపించారు.

దాని గురించి రాయడం నాకు చేతకాదు. అయిపోయాక ఆయన రికార్డు తువ్వాలులో చుట్టుకుంటూ, “ఎనిమిది,” అన్నారు.

డెబ్భై మూడులో మా ఊరి బెల్లం వర్తకుడు ఒకాయన కూతురి పెళ్ళి చేస్తున్నాడు. ఆ పెళ్ళికి మైకు పెట్టినవాడికి చుట్టుపక్కల పెళ్ళిళ్ళన్నీ వస్తాయి. అనకాపల్లి నుంచి ఇంకో సెట్టువాడు అప్పుడే వచ్చి మాట్లాడి వెళ్ళాడు. అందరి దగ్గరా అవే పాటలు కదా, నీ దగ్గర కొత్తగా ఏముందని వర్తకుడు అడిగాడు. మన ఊరి మనిషి విదేశీ బాండులో వాయించిన రికార్డు ఉందన్నాను. పని నాకు దొరికింది. రికార్డు మాత్రం ఇంకా దొరకలేదు.

మాస్టారు రెండుసార్లు కాదన్నారు. బేరం తెగనప్పుడు సరుకు సంగతి వదిలేసి, ఎదుటివాడికి ఏది లోటో దాని గురించి మాట్లాడమని మా నాన్న నేర్పాడు. ఊరి మాట ఎత్తాను. ఇంకా ప్లేట్లు కడిగాడనే అనుకుంటున్నారన్నాను. ఆయన కదల్లేదు. అప్పుడు వాళ్ళక్క సంగతి తీశాను:

“మీ అప్ప ఒక్కసారైనా ఇనలేదు గదా మాస్టారూ.”

 ఆయన అడిగింది ఒక్కటే. “గొట్టాలా, పెట్టెలా?”

గొట్టం స్పీకర్లో గొంతు వస్తుంది, సన్నాయి వస్తుంది, బేసు రాదు; దానికి చెక్కపెట్టెల స్పీకర్లే కావాలి. ఆ సంగతి ఆయనకి తెలుసు. అదే నా వృత్తి కాబట్టి నాకూ తెలుసు.

“పెట్టెలే. వైజాగు నుంచి తెప్పిస్తన్నాను.”

నిజానికి వైజాగులో అడిగాను కూడా. దొరికేవే. దారిఖర్చు దండగ, ఎవరు గమనిస్తారులే అని మానేశాను. గమనించే మనిషి ఒక్కడే ఉన్నాడని తెలిసీ మానేశాను.

పెళ్ళి పొద్దున్న పదింటికి. ఆ రోజు సన్యాసమ్మ ఇడ్లీలు వెయ్యలేదు. వీధి వీధంతా చెప్పుకుని, గంజి పెట్టిన కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఆమెని వెంటబెట్టుకుని మాస్టారు నా బల్ల పక్కకి వస్తూ, పందిరి రాట దగ్గర ఆగి తల పైకెత్తారు. వెదురుబొంగు కొసన నా గొట్టాలు రెండూ ఎండలో మెరుస్తున్నాయి. ఆయన చూడడం నేను చూశాను. తలదించుకుని తీగలు సర్దుకుంటున్నట్టు నటించాను. రికార్డు వెనక్కి ఇచ్చెయ్యమని ఆయన అనవచ్చు. అనలేదు. వచ్చి అక్క పక్కన నిలబడ్డారు.

పాట మొదలైంది. బాకాలు గొట్టాల్లోంచి చీల్చుకుంటూ వచ్చేసరికి జనం తలలు తిప్పారు. పిల్లలు చెక్కబల్లల మీద గెంతడం మొదలుపెట్టారు. ఆ అదురుకి ముల్లు ఎగిరింది. మైకుసెట్టు వాళ్ళందరం ఎప్పుడూ చేసే పనే చేశాను: ముల్లు తల మీద పావలా బిళ్ళ పెట్టాను, బరువుకి కదలకుండా ఉంటుందని. అంతలో రికార్డులో బాండు ఆగి మాస్టారి వంతు వచ్చింది. గొట్టాల్లోంచి గరగర, దాని వెనక ఎవరో గోటితో తడిక గీకుతున్నట్టు టిక్కు టిక్కుమని ఒక పొడి శబ్దం. అంతే. మైకు చచ్చిందని వంటల దగ్గర నుంచి ఎవరో అన్నారు.  వాల్యూమ్ పెంచి, ముల్లు వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. రాలేదు. ఇంకో బిళ్ళ పెట్టి మూడోసారి వేశాను. లేని సరుకుని ఆ గొట్టంలోంచి లాగాలని చూస్తూ, ఉన్నదాన్ని గీసి పారేస్తున్నానని తోచలేదు. వర్తకుడు వచ్చి సినిమా పాట వెయ్యమన్నాడు.

సన్యాసమ్మ ఇంకా గొట్టాల కేసే చూస్తోంది.

“నీది ఎప్పుడొస్తాదిరా తమ్ముడా?”

“అయిపోనాది అప్పా,” అన్నారాయన.

సాయంత్రం రికార్డు పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని గుమ్మం వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూశారు. నల్లటి గాళ్ళ మధ్య బూడిదరంగు పట్టీ ఒకటి, వేలెడు వెడల్పు లేదు.

“ఎన్ని బిళ్ళలెట్టేవు?”

“రెండు.”

తల ఊపారు. “గొట్టాలు సూసినప్పుడే నాను ఆపీయాల్సింది. అప్ప అందరికీ సెప్పుకుని వచ్చీసింది గదా, ఎలగ ఆపుతాను.” తిట్లకి సిద్ధపడి వెళ్ళినవాణ్ణి, రికార్డు అక్కడే వదిలి వచ్చేశాను.

ఆ మర్నాటి నుంచి ఆయన మధ్యాహ్నాలు కొట్టుకి రావడం మానేశారు. వాళ్ళ ఇల్లు మా వెనక వీధిలోనే. నేనూ వెళ్ళలేదు. పెళ్ళిళ్ళ పని ఎక్కువగా ఉందని నాకు నేనే చెప్పుకున్నాను. ఉండేది కూడా. ఆ బెల్లం వర్తకుడి పెళ్ళి తర్వాత నాకు తీరికే లేదు. డెబ్భై ఆరులో మాస్టారు పోయారు. పన్నెండో రోజు దాటాక సన్యాసమ్మ రికార్డుల పెట్టె రిక్షాలో పంపించి, వెనకే తనూ వచ్చింది.

“నీకే ఇమ్మన్నాడు బాబూ. ఈ ఊర్లోన ఇనడం వచ్చినోడివి నువ్వొక్కడివేనంట.”

వద్దనకుండా పెట్టె దింపించుకున్నాను.

ఇప్పుడు అలాంటి రికార్డులు సేకరించేవాళ్ళు ఉన్నారట. పోయిన ఏడాది వైజాగు నుంచి ఒక కుర్రాడు, ఎవరి ద్వారానో తెలుసుకుని, మంచి ప్లేయరు కారులో వేసుకుని వచ్చాడు. పెట్టెలో ఒక్కొక్కటీ అంచులు పట్టుకుని తీస్తున్నాడు. తువ్వాలులో ఉన్నది చూడగానే అతని చేతులు ఆగిపోయాయి. దీనికోసం ఆరేళ్ళుగా వెతుకుతున్నానన్నాడు. నేను అడగకుండానే పెద్ద ధర చెప్పాడు. ముందు విను అన్నాను. బాకాలు చెక్కుచెదరలేదు. అవి ఆగిన చోట రేకు మీద వాన పడుతున్న చప్పుడు, రెండున్నర నిమిషాలూ అదే. అతను ముల్లు తీశాడు. తర్వాత, ఇది పాడవకముందు మీరు విన్నారా, ఎలా ఉండేదని అడిగాడు. నా నోటితోనైనా వినిపించమని ఫోను బల్ల మీద పెట్టాడు.

కళ్ళు మూసుకుని, బల్ల మీద వేళ్ళతో కొడుతూ, గొంతులో మొదలుపెట్టాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. కుర్రాడి కళ్ళు చెమర్చాయి. దణ్ణం పెట్టి, ధర ఇంకా పెంచి, నేను కాదనేసరికి ఫోను ఒక్కటే పట్టుకుని వెళ్ళిపోయాడు. అతనికి అప్పుడే చెప్పాల్సింది, ఇప్పుడు ఇక్కడ చెబుతున్నాను. మాస్టారు వాయించినదాంట్లో నాకు నిజంగా గుర్తున్నవి మొదటి ఎనిమిది స్వరాలు. తొమ్మిదోది ఆయనదో నాదో ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఆ తర్వాత ఆ ఫోనులో ఉన్నదంతా నేను కల్పించిందే.