చావుకి అక్కర్లేని పేరు

ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర చేపలు కోసే గంగాలమ్మ ఎంత పెద్ద వంజరాన్నయినా మాటల్లో ఉండగానే ముక్కలు చేసేస్తుంది. ఆమె భయమంతా కూతురి పేరులోనే ఉంది. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక పుట్టిన ఈ పిల్లని పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పక్కింటావిడ చేత ఎత్తించి, ఆవిడకి చేటెడు నూకలిచ్చి కొనుక్కుంది. చావు కన్నెత్తి చూడకూడదని పెంటమ్మ అని పేరు పెట్టింది. కాలేజీలో నవ్వుతున్నారని ఆ పిల్ల ఈమధ్యే ఆధార్‌లో తన్మయి అని మార్చుకుంది. "ఆ పేరే నిన్ను బతికించిందే, నాకు బయమేత్తంది" అని తల్లి బతిమాలినా వినలేదు.

వారం తిరక్కుండా ఆ పిల్లకి డెంగీ జ్వరం పట్టుకుంది. ఆసుపత్రిలో నర్సు "తన్మయి ఎవరు?" అని అడగ్గానే గంగాలమ్మ లేచి, "పెంటమ్మని రాయండమ్మా, మీకు దండవెడతాను" అంది. "కార్డులో ఉన్నదే రాయాలి" అంది నర్సు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ గంగాలమ్మ కూతురి చెవి దగ్గర "ఒలే పెంటా... పెంటా..." అని పిలుస్తూనే ఉంది. ఆ పేరు నలుగురిలో వినబడితే చాలు, తల దించుకునే పిల్ల, పక్క మంచాలవాళ్లంతా తిరిగి చూస్తున్నా, కళ్లు మూసుకునే, తల్లి పిలిచిన ప్రతిసారీ "ఊఁ" అంది.