కుప్పం తప్పించుకోవడానికి నవ్విన నవ్వులు

ఆ రోజుల్లో నాకు నా డిగ్రీ మీద కంటే నా నవ్వు మీద నమ్మకం ఎక్కువ. మదనపల్లెలో డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో కొత్తగా చేరాను. ఎవరితో ఏ పని పడినా నోరు తెరిచి అడగడం నాకు చేతకాదు. జుట్టు సవరించుకుని, ఓరగా నవ్వి, నాలుగు మాటలు పొగిడి పని రాబట్టుకోవడమే తెలుసు. దాన్ని నేను తెలివి అనుకునేవాణ్ణి (ఇంట్లో వాళ్ళు దానికి వేరే పేరు పెట్టారు, అది ఇక్కడ రాయకూడదు).

మా మేనేజరు సారు చెడ్డ పని దేనికీ తనుగా ఆర్డరు వేసేవాడు కాదు. "మనదంతా ఒక ఫ్యామిలీ గదప్పా, మీలో మీరే మాట్లాడుకోని చెప్పండి" అని టీ తెప్పించేవాడు. (మంచి పనులు మాత్రం ఫ్యామిలీని అడక్కుండానే తన బావమరిదికి ఇచ్చేవాడు.) అలా ఒక సోమవారం, కుప్పంలో తెరవబోయే ఆఫీసుకు ఎవరు పోతారో శుక్రవారానికల్లా తేల్చమన్నాడు. ఉన్నది నలుగురం. పైపుల లెక్క చూసే స్టోరక్క, కంప్యూటరమ్మాయి, రోజూ పుంగనూరు నుంచి బస్సులో వచ్చే పుంగనూరన్న, నేను. మిగతావాళ్ళకు కుప్పమంటే దూరమని భయమనుకున్నాను. నాకేమో దగ్గరని భయం. మాది వెంకటగిరికోట పక్క పల్లె, ఇంటి వెనక మూడెకరాల చామంతి తోట. కుప్పంలో ఉద్యోగమంటే కోడి కూయకముందే మా అమ్మ నా తలకు లైటు కట్టి పూలు కోయడానికి తోలుతుంది, ఆ తరవాతే ఆఫీసు. నేను డిగ్రీ చదివిందే ఆ తోట నుంచి తప్పించుకోవడానికి.

ముగ్గురినీ ముందే బుట్టలో వేసుకుంటే నా పేరు ఎవరూ ఎత్తరని లెక్క వేశాను. మొదట కంప్యూటరమ్మాయి. బల్ల మీద మోచెయ్యి ఆనించి, "కీబోర్డు మీద నీ వేళ్ళు పడతాంటే వీణ వాయించినట్టే ఉండాది" అన్నాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండా, "అది ప్రింటరు సప్పుడు. కాయితం ఇరుక్కోని ఉండాది, తీసి పెట్టు" అంది. అరగంట తీశాను. తరవాత పుంగనూరన్న మీసాన్ని పొగిడాను. ఆయన కరిగిపోయి మూడు రోజులు నా బండి వాడుకున్నాడు. ఇక స్టోరక్క. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆమె దగ్గర గొంతు ఇంకాస్త తగ్గించి, "అక్కా, నువ్వు లేకుంటే ఈ ఆఫీసుకు కళే ఉండదు. నువ్వు సెలవు పెట్టిన దినం నాకు అన్నం గూడా సయించదు" అన్నాను. ఆమె తల దించుకుని, లెక్కపెడుతున్న పైపులు మళ్ళీ మొదటినుంచీ లెక్కపెట్టింది.

శుక్రవారం టీ వచ్చింది. కంప్యూటరమ్మాయే ముందు నోరు విప్పింది. "కుప్పంలో రైతులు మన్ని ఎరగరు సార్. తియ్యగా మాట్లాడేవాళ్ళు కావాల. ఈయనైతే సరిపోతాడు, ప్రింటర్ని పట్టుకోని వీణ అన్న్యాడు." పుంగనూరన్న మీసం దువ్వుకుంటూ, "అవును సార్, నా మీసాన్నే పొగిడినోడు ఎవుర్నైనా పొగడతాడు" అన్నాడు. నేను ఆశగా స్టోరక్క వైపు చూశాను. ఆమె నవ్వి టీ గ్లాసు అందుకుంది. సారు చప్పట్లు కొట్టాడు.

బయటికి వచ్చాక స్టోరక్క నన్ను పలకరించింది. "అమ్మ దగ్గిరికి పోతాండావు, సంతోషమప్పా. నేనే పోదామనుకున్న్యా. మా ఆయన ఆడ రాళ్ళ ఫ్యాక్టరీలో ఉండాడు. ఆరేండ్లుగా ఆయన ఆడ, నేనీడ. నన్ను పంపించండని లెటరు రాసి బ్యాగులో పెట్టుకోనుంటి. నేను లేకుంటే ఈడ కళే ఉండదంటివి గదా, సించేసినా. పన్నెండేండ్లలో ఎవురూ అట్ల అనలేదు."

ఆ మాట ఊరికే అన్నానక్కా అని అప్పుడే చెప్పేస్తే ఇద్దరం బాగుపడేవాళ్ళం. చెప్పలేకపోయాను. చెబితే ఆమె ముఖం ఏమవుతుందో చూసే ధైర్యం లేదు. బుద్ధిగా కుప్పం పోయి, మూడు నెలలు చామంతులు కోసి, చేతులకు ఆకుపచ్చ మరకలతో సంతకాలు పెట్టాను. చివరికి ఒక రోజు సారుకు ఫోను చేసి, నాకు కుప్పం వద్దు, అక్కకు కావాలి అని ఉన్నమాట చెప్పాను. "ఇంతేనా? ముందే చెప్పింటే సరిపోయిండె గదప్పా" అన్నాడు.

స్టోరక్క కుప్పం వచ్చిన రోజు బీరువా తాళాలు ఆమె చేతిలో పెడుతూ, తల వంచుకునే చెప్పాను. "అక్కా, ఆ దినం నేనన్న మాట... నా పని కోసం అన్న్యా. ముగ్గురితోనూ అట్లనే ఏదో ఒకటి అన్న్యా."

ఆమె తాళాలు కొంగుకు కట్టుకుంది. "నాకు అప్పుడే తెలుసప్పా" అంది. "అయినా యినేదానికి బాగుండె."

ఇన్నేళ్ళయినా ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమె మాట గుర్తుకొచ్చేసరికి మాత్రం ఆ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.