పెట్టె పిడికి కట్టిన దారం

కొత్త డ్రిల్లింగ్ మిషన్ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కరీంనగర్ నుంచి ఖానాపూర్ బస్సులో వస్తున్నాను. ఇంట్లోనే బల్లలు, కుర్చీలు చేసుకోవాలని నా ఆశ. పక్కన కూర్చున్న పెద్దామె పెట్టెను చూసి, నా మణికట్టు నుంచి వేలాడుతున్న ఎర్రదారాన్ని చూసింది.

"మిషిన్ పట్టేటప్పుడు గీ దారం ఇప్పు బిడ్డా. తిరిగేదాంట్ల చిక్కితే చెయ్యిని గుంజుకపోతది."

"నేను మంచిగుండాలని మా అవ్వ కట్టింది. ఎట్ల ఇప్పుత?"

ఆమె నా దారం కొసను వేళ్లతో పట్టుకుంది.

"నా కొడుక్కు గూడ నేనే కట్టిన."

నేను చెయ్యి చాపాను. ఆమె ముడి విప్పి, దారాన్ని కళ్లకద్దుకుని, పెట్టె పిడికి కట్టింది.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. మరుసటి ఏడు జాతర నుంచి తెచ్చిన దారాన్ని అవ్వ నా చేతికి కట్టలేదు. మిషన్ వైరు పెట్టే స్విచ్చు పక్కన గోడకున్న మేకుకు కట్టింది.