నిజం సెప్పు, కొట్టను

పెద్దవాళ్లు పిల్లలతో ఆడే అబద్ధాలన్నిటిలోకీ పెద్దది ఒకటుంది. "నిజం చెప్పు, కొట్టను." ఈ మాట ఎవరి నోట విన్నా నాకిప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

పంతొమ్మిది వందల ఇరవైల్లో మేము అరకు లోయలో ఉండేవాళ్లం. రైలు మాట దేవుడెరుగు, సరైన దారే లేదు. మా నాన్న మైదానం నుంచి ఎడ్ల మీద ఉప్పు తెప్పించి, సంతలో కొండవాళ్లకు ఇచ్చి, బదులు పసుపూ పిప్పళ్లూ పుచ్చుకునేవాడు. ఆయన దగ్గర రెండు కుంచాలుండేవి. ఉప్పు కొలిచి ఇచ్చేది ఒకటి, పసుపు కొలిచి పుచ్చుకునేది ఒకటి. ఏది చిన్నదో ఏది పెద్దదో నేను చెప్పక్కర్లేదు. కొండవాళ్లకూ తెలుసు, కానీ ఉప్పు లేకుండా ఎవరు బతుకుతారు? ఇంత చేసే మనిషికి ఇంట్లో పిల్లలు అబద్ధమాడితే మాత్రం గిట్టేది కాదు.

అమ్మది ఇంకో పద్ధతి. "అబద్ధమాడితే ఆడపిల్లలు పుడతారు" అని బెదిరించేది. ఆ ఇంట్లో ఉన్నదే ఇద్దరు ఆడపిల్లలం, నేనూ, నన్ను అప్పా అని పిలిచే ఆరేళ్ల మా చెల్లీ. మరి మేమిద్దరం ఎవరి అబద్ధాలకు పుట్టామని ఒకసారి అడిగితే నా మూతి మీద ఒక్కటిచ్చింది.

ఒకరోజు చెల్లి దోసెడు ఉప్పు తీసి, అడ్డాకులో కట్టి, తనతో ఆడుకునే కొండపిల్లకు ఇచ్చింది. బస్తా పక్కన ఒలికిన ఉప్పు చూసి నాన్న అడిగితే పిల్లి ఒలకబోసిందని చెప్పింది. ఉప్పు బస్తాతో పిల్లికేం పని? పాపం, దానికి అంతకన్నా మంచి అబద్ధం తోచలేదు. నాన్న దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, జుట్టు నిమిరి, "నిజం సెప్పమ్మా, కొట్టను" అన్నాడు. అది నమ్మేసింది. వాళ్లింట్లో ఉప్పు లేకుండా అంబలి తాగుతున్నారనీ, అందుకే ఇచ్చాననీ గడగడా చెప్పేసింది. అంతే, చింతబరికె విరిగేదాకా కొట్టాడు. "కొట్టనన్నావు కదా నానా! కొట్టనన్నావు కదా!" అని అది అరుస్తూనే ఉంది. "ఎదురు సెప్తావేటే?" అని అందుకు ఇంకో రెండు తగిలించాడు. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. ఆ రోజు నాన్న మీద పుట్టిన కోపం ఆయన పోయాక కూడా నాలో చల్లారలేదు.

అప్పట్నుంచి చెల్లిని ఏం అడిగినా "నాకేటీ తెలీదు" అనేది. పిల్లకు బుద్ధొచ్చిందని అమ్మ మురిసిపోయింది.

వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం దానికి వాంతులు పట్టుకున్నాయి. పొద్దు వాలేసరికి కళ్లు లోపలికి పోయాయి, కాళ్లు చల్లబడ్డాయి. నాన్న పరుగెత్తుకెళ్లి, పసరు మందులిచ్చే కొండ ముసలాయన్ని తీసుకొచ్చాడు. ఆయన నాలుక చూసి, పొట్ట నొక్కి, "గుంట ఏటో తిన్నాది. ఏటి తిన్నాదో తెలిస్తే మందేత్తాను. తెలీకండా ఏత్తే ఉన్న పేనం పోతాది" అన్నాడు.

నాన్న దాని పక్కన కూలబడ్డాడు. "ఏటి తిన్నావే తల్లీ?"

"ఏటీ తిన్లేదు."

"నిజం సెప్పమ్మా, కొట్టను."

ఆ మాట వినడంతోనే చెల్లి ముడుచుకుపోయి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది. నాన్న దేవుడి మీద ఒట్టేశాడు. తన తల మీద ఒట్టేసుకున్నాడు. ఏడ్చాడు కూడా. ప్రాణం మీదికొచ్చినా అది నోరు విప్పలేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు. ఎక్కడ? చేసిందేమో ఆయన, పోతున్నదేమో దాని ప్రాణం!

నేను నాన్నను పక్కకు తోసేశాను. అంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చిందో, కోపమే అయ్యుంటుంది. చెల్లి చెవి దగ్గర పడుకుని, "నేనూ తిన్నానే. నాకూ కడుపులో తిప్పుతున్నాది. నాన్నకు సెప్పకు" అన్నాను. శుద్ధ అబద్ధం.

అది కళ్లు తెరిచింది. "నువ్వూ తిన్నావా అప్పా? కంచె కాడి అడివాముదం గింజలే? బేగి కక్కీ అప్పా, సచ్చిపోతావు!"

తనకోసం విప్పని నోరు నాకోసం విప్పింది.

ముసలాయన వెంటనే మందు నూరి తాగించాడు. కాసేపటికి వాంతులు తగ్గి చెల్లి నిద్రపోయింది. బతుకుతుందని ఆయన చెప్పాక గానీ అమ్మ కూర్చోలేదు.

అప్పుడు నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు కూడా తిన్నావేటే? నిజం సెప్పమ్మా..." అని, తర్వాతి మాట అనలేక ఆగిపోయాడు.

"నాకేటీ తెలీదు" అన్నాను.