లైంగ్‌థార్యార్‌లో ఆదివారం క్లినిక్: గుమ్మంలో నేను పెట్టుకున్న గొడవ

మా పెదనాన్న కూతురు సత్యవతి అక్క లైంగ్‌థార్యార్‌లో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. పోయినేడు వాళ్ళ పేటలో క్లినిక్ మూసేశారు. మూడు నెలలకోసారి వేయించుకునే గర్భనిరోధక సూది ఆగింది, నెల తప్పింది. ప్రాణం మీదికొస్తే తప్ప గర్భస్రావానికి ఇక్కడి బర్మా చట్టం ఒప్పుకోదు. పొట్ట నొక్కి గర్భం దించే నాటు మంత్రసాని, డా తాన్ (డా అంటే డాక్టరు కాదు, 'గారు' లాంటి మాట) అనే ముసలావిడ దగ్గరికి వెళ్ళింది. రక్తం ఆగక, ఆసుపత్రిలో చావు తప్పి బయటపడింది. అక్కడ వేసి పంపిన సూది మళ్ళీ వేయించుకోవడానికి ఈ ఆదివారమే ఆఖరు గడువు. క్లినిక్ మళ్ళీ తెరిచారట, అదీ ఫ్యాక్టరీ సెలవు రోజున. "ఒక్కర్తినీ ఎల్నేను, నువ్వు రాయే" అని ఫోన్ చేసింది.

మింగళ తౌంగ్‌న్యున్‌లో మా ఇంటి పక్క స్టేషన్ దగ్గర పొద్దున్న ఆరింటికి బస్సెక్కాను. టికెట్ నాలుగు వందల చాట్లు. సీటు మీద ఆశ పెట్టుకోకండి. నది వంతెన దాటేసరికి ఏడున్నర. అక్కని కలుపుకుని పికప్ వ్యాను ఎక్కాం. "క్లినిక్కేనా? ఆదివారం అందరూ అక్కడికే" అని డ్రైవర్ కో మిన్ నవ్వాడు. నా సంచి నిండా అక్కడ పంచుదామని తెచ్చిన కరపత్రాలు. నాటు మంత్రసానుల్ని జైల్లో పెట్టాలన్న వాక్యం కింద నేను రెండేసి గీతలు గీసుకున్నవి.

క్లినిక్ రేకుల షెడ్డు గుమ్మంలో ఒక ముసలావిడ ఆడవాళ్ళను వరసలో కూర్చోబెడుతోంది. "డా తాన్" అంది అక్క. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది, బర్మీస్‌లోనే అరిచాను.

"మా అక్కని చంపబోయింది చాల్లేదా? ఇక్కడా బేరాలు వెతుక్కుంటున్నావా?"

అక్క నా జబ్బ పట్టి గుంజింది. "ఏటే ఆ అరుపులు? నోరు ముయ్యే! ఆ రోజు నన్ను ఆసుపత్రికి మోసుకెల్లిందెవలు? కిలినిక్ తెరిసినారని కబురెట్టిందెవలు?"

డా తాన్ బర్మీస్‌లో అక్కతో నెమ్మదిగా అంది: "అరవనీ అమ్మా. క్లినిక్ మూసిన ఏడాది నా గుమ్మం ఖాళీ లేదు. గర్భం దించమని ఆడపిల్లలు కాళ్ళు పట్టుకునేవాళ్ళు. ఇది మళ్ళీ తెరిచాక, ఈ నెల ఒక్కర్తీ రాలేదు. హాయిగా నిద్రపోతున్నాను."

నేను కరపత్రాల సంచి మూతి బిగించాను.

పావుగంటలో అక్క భుజం రుద్దుకుంటూ బయటికొచ్చింది. "అయిపోనాది. నీ కాయితం ఒకటి సదివీలోగా!"

తిరుగు బస్సులో కోపం అలాగే ఉంది, కాని డా తాన్ మీద కాదు. క్లినిక్ మూసి, ఆ పిల్లల్ని ఆమె గుమ్మానికి తోలినవాళ్ళ మీద. చట్టం భయపెట్టినా ఆగనివాళ్ళు, క్లినిక్ తలుపు తెరిచి ఉంచితే అసలు ఆమె దాకా రావడం లేదు. ఇంత చిన్న సంగతి కింద నేను ఏ కరపత్రంలోనూ గీత గీసుకోలేదు.

వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట: క్లినిక్‌లో ఇచ్చే వంతు చీటీలు పదకొండింటికే అయిపోతాయి, ఆరింటి బస్సు వదలకండి. వెళ్ళాలో వద్దో తేల్చుకోలేనివాళ్ళు మీ పక్కింట్లో ఉంటే, వాళ్ళనీ ఎక్కించుకోండి.